పొమ్మనక పెట్టిన పొగ: చేప జన కోసం కొన్న స్టీలు డబ్బా

మా పై వాటాలో ఉండే రిటైర్డు తహసీల్దారు గారు ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం బకెట్ నిండా నీళ్లతో మా గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మా, కంగారు పడకండి, నేనున్నాను" అన్నారు. కంగారు పడుతున్నది ఆయనే. నేను వంటింట్లో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పేలిపోయి నల్లబడిన చేప జన (చేప కడుపులోని గుడ్ల తిత్తి) వైపు చూస్తూ ఉన్నాను. చుట్టాన్ని పొమ్మనలేక పొగ పెట్టారని అంటారు. నేను ఆ పూట మా ఆయనను, ఇంటి పిల్లిని, పై వాటా వారిని ఒకే పొగతో వీధిలోకి పంపగలిగాను.

ఆ పొగ పుట్టింది ఇప్పుడు నేను రాయబోతున్న డబ్బాలోనే. గ్యాసు పొయ్యి మీద పెట్టుకుని చేపకు, మాంసానికి పొగ పట్టించే స్టీలు డబ్బా ఇది. మూరెడు కన్నా తక్కువ పొడవు, జానెడు పైన వెడల్పు, నాలుగు వేళ్ల లోతు. అడుగున చెక్క పొట్టు పోయాలి. దాని మీద రసం కారితే పట్టుకునే పళ్లెం, పళ్లెం మీద తీగల జాలీ, పైన జారుడు మూత. నేను 3,450 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. అచ్చం ఇదే డబ్బాను, ఇవే మడత పిడులతో, నాలుగు వేర్వేరు పేర్లతో నాలుగు ధరలకు అమ్మడం నేనే చూశాను కాబట్టి పేరు చెప్పినా మీకు ఒరిగేది లేదు. జులైలో కొన్నాను, ఇప్పుడు మార్చి. మొత్తం పదకొండు సార్లు వాడాను. అందులో మొదటి మూడూ దండగ.

అసలు కర్నూలులో కూర్చుని చేప జనకు పొగ పెట్టాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందో చెప్పాలి. మా అబ్బాయి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో చదువుకుంటున్నాడు. కిందటి వేసవిలో సెలవులకు వస్తూ పళ్ల పేస్టు గొట్టం లాంటిదొకటి తెచ్చాడు. నీలం, పసుపు రంగులు, మీద నవ్వుతున్న పిల్లవాడి ముఖం. దాని పేరు కల్లెస్ కావియార్, స్వీడన్‌లో 1954 నుంచి అమ్ముతున్నారట. కాడ్ చేప జనను ఉప్పు, చక్కెరలో ఊరబెట్టి, పొగ పట్టించి, నూనె, బంగాళాదుంప కలిపి మెత్తగా చేసిన ముద్ద అది. అక్కడివాళ్లు రొట్టె మీద, ఉడికించిన కోడిగుడ్డు మీద పిండుకుని తింటారు. మొదటి రోజు నాలుక మీద పెట్టుకుని "ఉప్పు పేస్టుతో పళ్లు తోముకుంటున్నట్టుందిరా" అన్నాను. మూడో రోజు జొన్న రొట్టె మీద రాసి, పక్కన పచ్చి ఉల్లిపాయ పెట్టుకున్నాను. వాడి సెలవులు అయిపోకముందే గొట్టం అయిపోయింది. చివరికి కత్తెరతో కోసి గీక్కున్నాం.

మన దగ్గర జన అంటే వేపుడు, లేకపోతే పులుసు. పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేస్తే పది నిమిషాల పని. కానీ ఆ వేపుడులో జన రుచి ఎంత, మసాలా రుచి ఎంత అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. మా అత్తయ్యది నిజాంపట్నం. సముద్రం పక్కన పుట్టిన మనిషి కాబట్టి ఆవిడ లెక్క వేరు. చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో జనకు ఉప్పు పట్టించి ఎండబెట్టి దాచేవారట. ఇటలీలోని సార్డీనియాలో బొత్తార్గా, జపాన్‌లోని నాగసాకిలో కరసుమి అని మల్లెట్ చేప జనతో చేసేది కూడా ఇదే పద్ధతి: ఉప్పు, బరువు, గాలి. పొగ మాత్రం అందులో లేదు. నాకు పొగ కావాలి.

డబ్బాతో పాటు పదహారు పేజీల చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో సాల్మన్ ఉంది, కోడి ఉంది, జున్ను కూడా ఉంది. జన గురించి ఒకే ఒక్క వాక్యం: జాలీ మీద పెట్టి ఇరవై నిమిషాలు పొగ ఇవ్వండి. ఇరవై అయిదేళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన దాన్ని, ఆ వాక్యాన్ని గుడ్డిగా నమ్మడం నా తప్పే. బొచ్చె చేప జన 640 గ్రాములు తెచ్చాను. వేపుడుకు వేసినట్టే పైపైన ఉప్పు, కారం చల్లాను. మంట పెద్దది పెట్టాను. ఆరో నిమిషంలో లోపల ఆవాలు చిటపటలాడిన చప్పుడు మొదలైంది. పదో నిమిషంలో మూత అంచుల నుంచి పసుపు పచ్చని పొగ కారడం, పదిహేనో నిమిషంలో తహసీల్దారు గారు రావడం. మూత తీస్తే పొర చీలి, గుడ్లన్నీ డబ్బా గోడలకు అతుక్కుని, లోపల ముద్ద బూడిద రంగులో ఉంది. నోట్లో పెడితే వేపాకు నయం అనిపించింది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటీ అర్థమైంది. జన చుట్టూ ఉండే పొర వేడికి బిగుసుకుంటుంది, లోపలి నీరు ఆవిరై బయటికి తోస్తుంది, పొర చీలుతుంది. అంటే ముందు లోపలి నీరు కొంత తగ్గాలి. ఆ పని చేసేది ఉప్పు. పైన చల్లిన ఉప్పు కాదు, లోపలి దాకా ఇంకిన ఉప్పు. పుస్తకం అచ్చు వేసినవాళ్లకు తమ డబ్బా మీద ఉన్న శ్రద్ధ అందులోకి వెళ్లే వస్తువు మీద లేదు. నా అసలు ఫిర్యాదు ఇదే. ఈ పనిలో పొగ వంతు అరగంట, ఉప్పు వంతు ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజు గురించి ఒక్క ముక్క లేకుండా డబ్బా అమ్మడం, పిండి ఎలా రుబ్బాలో చెప్పకుండా ఇడ్లీ పాత్ర అమ్మినట్టు ఉంది.

రెండోసారి ఉప్పు చెంచాతో కొలిచాను. అదీ తప్పే. రాళ్ల ఉప్పు చెంచాడుకూ మెత్తటి ఉప్పు చెంచాడుకూ బరువులో చాలా తేడా ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటా మీద తూచడం మొదలుపెట్టాకే పని దారిలో పడింది. ఇప్పుడు నా లెక్క ఇది: వంద గ్రాముల జనకు మూడు గ్రాముల ఉప్పు, ఒక గ్రాము చక్కెర. 640 గ్రాములకు 19 గ్రాముల ఉప్పు, ఆరు గ్రాముల పైన చక్కెర. జనలో వందకు డెబ్బై పాళ్లు నీరు అనుకుంటే, ఆ నీటిలో ఉప్పు నాలుగు శాతం అవుతుంది. గాలి చొరబడని ప్యాకింగులో అమ్మే పొగ చేపకు అమెరికా వాళ్ల నిబంధనలు నీటి భాగంలో 3.5 శాతం ఉప్పు అడుగుతాయి. మనం అలా ప్యాక్ చేయం, చేయకూడదు కూడా. అయినా లెక్కకు ఒక ఆనవాలు ఉంటే మనసుకు ధైర్యం.

ఉప్పు వేసే ముందు ఇంకో పని ఉంది. జన పొర మీద సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయి. వాటిని సూదితో అక్కడక్కడ గుచ్చి, చెంచా వెనక భాగంతో ఒక వైపుకు మెల్లగా నొక్కుతూ రక్తం బయటికి తీసేయాలి. కరసుమి చేసేవాళ్లు కూడా ఇలాగే చేస్తారు. ఆ రక్తం మిగిలితే నల్లటి గీతలు పడతాయి, నీచు వాసన పోదు. ఇది ఓపిక ఉన్నవాళ్ల పని. నాకు టీవీ ముందు కూర్చుంటే గంట పడుతుంది. మా ఆయన ఆ గంటలో ఆ గదిలోకి రారు.

తరువాత ఉప్పు, చక్కెర పట్టించి, గాజు గిన్నెలో పెట్టి, మూత వేసి ఫ్రిజ్‌లో ఇరవై నాలుగు గంటలు. మధ్యలో ఒకసారి తిప్పాలి. తెల్లారేసరికి గిన్నె అడుగున నీరు చేరుతుంది, జన వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. ఆ నీరు పారబోసి, బట్టతో అద్ది, జాలీ మీద ఆరబెట్టాలి. రెండోసారి నేను వదిలేసింది ఈ ఆరబెట్టడాన్నే. తడి జన మీద పొగ పడితే అక్కడే నీళ్లలో కరిగి పుల్లటి మసి అవుతుంది. పైగా మూతకు పట్టిన చెమట నల్లటి చుక్కలుగా కిందికి రాలుతుంది. నా జన మీద ఆ చుక్కలు మశూచి మచ్చల్లా పడ్డాయి. పై పొర ఆరి, వేలు పెడితే కొద్దిగా అంటుకునేలా జిగట వచ్చాకే పొగకు సిద్ధం. ఆగస్టులో ముసురు పట్టినప్పుడు దీనికి ఫ్యాను కింద ఆరు గంటలు పట్టింది. ఫిబ్రవరిలో మన గాలికి రెండు గంటలు చాలు. గుడ్డ కప్పకపోతే ఈగలు, కప్పినా పిల్లి.

"ఉప్పు పట్టందే ఎండబెట్టకూడదు, ఎండందే పొయ్యి ఎక్కించకూడదు. మీ పుస్తకంలో ఇది కూడా రాయలేదా అమ్మాయ్?" అని అత్తయ్య ఫోనులో నవ్వింది. రాయలేదు అత్తయ్యా.

ఇక మూడోసారి. జన బాగా ఊరింది, బాగా ఆరింది, చెక్క తప్పు. డబ్బాతో ఉచితంగా వచ్చిన హికరీ అనే విదేశీ చెట్టు పొట్టు మొదటి రెండుసార్లకే అయిపోయింది. మళ్లీ కొనాలంటే చిన్న ప్యాకెట్ 450 రూపాయలు. చెక్క పొట్టుకు నాలుగు వందల యాభై ఇవ్వడానికి నాకు చేయి రాలేదు. మాది వేరుశనగ సీమ కదా అని కాయల పొట్టు వేశాను. భగ్గున అంటుకుని, రెండు నిమిషాల్లో బూడిదై, కాగితం కాల్చిన వాసన ఇచ్చింది. ఆ పొట్టుకు బూజు కూడా తొందరగా పడుతుంది, తిండికి వాడకపోవడమే మంచిది. తరువాత తుమ్మ పేళ్లు వేసి చూశాను. పొయ్యిలోకి తుమ్మను మించిన కట్టె లేదు కానీ పొగ మరీ ఘాటు, గొంతులో గీరుతుంది. వేప జోలికి వెళ్లలేదు. వడ్రంగి దుకాణంలో చిత్రిక పట్టిన పొట్టు బస్తాల కొద్దీ ఊరికే ఇస్తారు, అది మాత్రం వద్దు. ప్లైవుడ్ జిగురు, పాలిష్ అందులో ఎంత ఉందో ఆ వడ్రంగికే తెలియదు.

చివరికి మా కాలేజీ ఆవరణలో కొట్టేసిన మామిడి కొమ్మ దొరికింది. బెరడు తీసి, రెండు నెలలు ఎండబెట్టి, కొడవలితో అగ్గిపుల్లంత పేళ్లుగా చెక్కించాను. ఇప్పటి వరకు నేను వాడిన వాటిలో మామిడే మేలు. జామ కూడా బాగుంది, కాస్త తీపి తగిలింది. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం మంట లేకుండా మాగి కాలినప్పుడు గువయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. పొగ రుచి, పొగ వాసన అని మనం అనేది చాలా వరకు వాటినే. భగ్గుమని మండితే అవి కాలిపోతాయి, మసి మిగులుతుంది. సాంబ్రాణి వేసేటప్పుడు నిప్పు కణకణలాడితే మాడు వాసన, నివురు పడితే సువాసన రావడం లేదా, అలాగే. ఇక్కడ కూడా మంట సన్నగా ఉండాలి. ఒక డబ్బాకు చెంచాన్నర పేళ్లు చాలు. నేను మొదటిసారి గుప్పెడు పోశాను.

సన్నటి మంట మీద పెట్టాలంటే లోపల వేడి ఎంతో తెలియాలి. డబ్బాకు థర్మామీటర్ లేదు, అది దూర్చడానికి రంధ్రమూ లేదు. పాత బస్టాండు దగ్గర వెల్డింగ్ షాపులో యాభై రూపాయలిచ్చి మూతకు చిన్న బెజ్జం వేయించాను. ఇంత ధర పెట్టిన వస్తువుకు ఇలా చేయించుకోవాల్సి రావడం సిగ్గుచేటు. సూది లాంటి థర్మామీటర్ మొన జన మధ్యలోకి దించి, అది డెబ్బై డిగ్రీలు చూపించేదాకా ఉంచుతాను. నాకు ముప్పై అయిదు నుంచి నలభై నిమిషాలు పడుతుంది. పుస్తకం చెప్పిన ఇరవై నిమిషాలకు నా థర్మామీటర్ యాభై రెండు చూపించింది. అంటే పైకి ఎర్రగా ముద్దుగా కనిపించినా లోపల పచ్చే. కొనేవాళ్లు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

మామిడి పొగ పట్టిన మొదటి జన తూకం చెబుతాను. తెచ్చినప్పుడు 640, ఉప్పు పట్టాక 602, ఆరాక 561, పొగ నుంచి దిగాక 507 గ్రాములు. రంగు కొత్త ఇత్తడి చెంబు. కత్తి పెడితే గుడ్లు రాలకుండా పలచని బిళ్లలుగా తెగింది. పొర లోపల గుడ్లు విడివిడిగా తెలుస్తున్నాయి, పంటి కింద పిండి కావడం లేదు. మా ఆయన మొదటి బిళ్ల అనుమానంగా, రెండోది నిశ్శబ్దంగా, మూడోది అడగకుండా తీసుకున్నారు.

ఇప్పుడు డబ్బా బాగోగులు. మంచి చెబుతాను ముందు. వెడల్పు. జన జంటగా ఉంటుంది, రెండు పొడవాటి తిత్తులు. వాటిని ఒకదాని మీద ఒకటి కాకుండా పక్కపక్కన పరచడానికి గుండ్రటి పాత్రలు కుదరవు. ఇందులో రెండు జంటలు హాయిగా పడతాయి. జాలీ తీగలు దగ్గరగా ఉన్నాయి కాబట్టి మెత్తటి జన జారదు. జారుడు మూత మొదట్లో బాగా పట్టేది.

ఆ మొదట్లో అన్న మాట ఎందుకంటే, నాలుగోసారికి అడుగు రేకు వంగింది. ఖాళీ డబ్బాను పెద్ద మంట మీద పెడితే ఏ పలచటి స్టీలైనా వంగుతుంది, అందులో నా పాపమూ ఉంది. కానీ అడుగు వంగడంతో మూత ఒక పక్క వేలు దూరేంత లేచింది. కంపెనీకి ఫోను చేస్తే అవతలి అమ్మాయి నా ఎదుట ఉన్న అదే పుస్తకాన్ని నాకు చదివి వినిపించింది. మూడోసారి ఫోటోలు పంపాక, ఇరవై మూడు రోజులకు కొత్త మూత వచ్చింది. వంగింది అడుగు, పంపింది మూత. ఇప్పుడు అంచు చుట్టూ అల్యూమినియం ఫాయిల్ మెలితిప్పి కట్టి నడిపిస్తున్నాను. తడిపిన గోధుమపిండి పూసినా ఆగుతుంది, దమ్ బిర్యానీకి పెట్టినట్టు.

ప్రకటనలో అన్ని రకాల పొయ్యిలకూ పనికొస్తుందని రాశారు. మా ఇండక్షన్ పొయ్యి దీన్ని పాత్రగానే గుర్తించలేదు. అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు. పద్దెనిమిది శాతం క్రోమియం, ఎనిమిది శాతం నికెల్ ఉన్న స్టీలుకు అయస్కాంతం అంటదు. తుప్పు పట్టని మంచి రకమే, కానీ ఇండక్షన్‌కు పనికిరాదు. ఆ సంగతి రాయడానికి ఒక వాక్యం చాలు కదా. పిడులు మడిచి పెట్టుకోవడానికి బాగున్నాయి, పట్టుకోవడానికి కాదు. గుడ్డ లేకుండా ముట్టుకున్న నా బొటనవేలు సాక్ష్యం.

తోమడం గురించి అందరూ భయపెడతారు. లోపల పట్టిన గోధుమ రంగు జిగురును చింతపండుతో తోమి లాభం లేదు. పొగ జిగురులో ఆమ్లాలే ఎక్కువ, చింతపండూ ఆమ్లమే. వేడి నీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా వేసి గంట నానబెడితే కాఫీ డికాషన్ లాంటి నీళ్లు దిగుతాయి, ఆ తరువాత మామూలు పీచు చాలు. పళ్లెం మీద ముందే ఫాయిల్ పరిస్తే సగం బాధ తప్పుతుంది.

చల్లటి పొగ సంగతి అడిగేవాళ్లుంటారు. విదేశాల్లో జనకు, చేపకు ముప్పై డిగ్రీల లోపు గంటల తరబడి పొగ ఇస్తారు, వస్తువు ఉడకదు. ఈ డబ్బాతో అది కుదరదు, పొయ్యి మీద పెట్టేదానికి చల్లదనం ఎక్కడిది? వేరే చోట పొగ పుట్టించి గొట్టంతో పంపినా, మే నెలలో నలభై రెండు డిగ్రీలు దాటే కర్నూలులో ముప్పై లోపు గది ఎక్కడ తెస్తాం? జనవరి తెల్లవారుజామున పద్దెనిమిది ఉంటుంది, కుదరదని కాదు. కానీ నేను ప్రయత్నించలేదు, ప్రయత్నించను. చల్లటి పొగ పట్టిన జన పచ్చిదే. మంచినీటి చేపల్లో పురుగుల భయం ఉంటుంది. వాటిని చంపడానికి మైనస్ ఇరవైలో ఏడు రోజులు గడ్డకట్టించాలి, మా ఇంటి ఫ్రిజ్ పై అర మైనస్ పదిహేను దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడికి వేడి పొగే మర్యాద.

నిల్వ విషయంలో అత్తయ్యకూ నాకూ చిన్న యుద్ధం జరిగింది. "జాడీలో పెట్టి నువ్వుల నూనె నిండా పోయి, ఆవకాయలా ఏడాది ఉంటుంది" అంది. వద్దన్నాను. ఆవకాయను కాపాడేది నూనె ఒక్కటే కాదు, మామిడి పులుపు, బోలెడంత ఉప్పు. పులుపును కొలిచే పీహెచ్ అంకె 4.6 కన్నా తక్కువ ఉంటే (అంకె తగ్గితే పులుపు ఎక్కువని అర్థం) ప్రాణాంతక విషం పుట్టించే బొటులినం సూక్ష్మజీవి పెరగదు. జనలో ఆ పులుపు లేదు. గాలి తగలకుండా నూనెలో ముంచి బయట ఉంచితే ఆ విషానికి మనమే పానుపు వేసినట్టు, వాసన చూసినా తెలియదు. అందుకే ఫ్రిజ్‌లో అయిదు రోజులు, గడ్డకట్టించి రెండు నెలలు, అంతే. అత్తయ్య రెండు రోజులు ఫోను చేయలేదు. మూడో రోజు చేసి, తహసీల్దారు గారు బాగున్నారా అని అడిగింది.

జన కొనడం కూడా ఒక విద్య. బొచ్చె, రాగండి, మోసు వానాకాలంలో గుడ్లు పెట్టే చేపలు. జూన్ మొదట్లో దొరికే జన గట్టిగా, పొర బిగువుగా ఉంటుంది. ఆగస్టుకు వచ్చేసరికి బాగా ముదిరి, పైకి నిండుగా కనిపించినా పట్టుకుంటే జావలా జారుతుంది. నా మొదటి ఓటమిలో దాని భాగమూ ఉంది. ఈ చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, పారే నీరు కావాలి. అందుకే చెరువుల్లో పిల్లల కోసం సూది మందు ఇచ్చి గుడ్లు పెట్టించే పద్ధతి వచ్చింది. హీరాలాల్ చౌధురి 1957 జులై 10న అది సాధించారు. జులై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకునేది అందుకే. నేను చేపలు కొనే ఆమెకు ఇవేవీ అక్కర్లేదు. సుంకేసుల వైపు నుంచి వచ్చిన చేప పొట్ట మీద బొటనవేలు పెట్టి, "ఇది మీకు పనికిరాదమ్మా, పులుసుకు ఇస్తా పోండి" అని చెప్పేస్తుంది. ఆమె వేలు ఇంతవరకు తప్పలేదు. పొర చిట్లని జన పక్కన పెట్టి ఉంచినందుకు కిలోకు ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకుంటుంది, ఇస్తాను. కోసేటప్పుడు పిత్తం తిత్తి పగిలితే ఆ చేదు ఏ పొగకూ పోదు కాబట్టి ఆమె కత్తికే ఆ ఇరవై. ఊరూ పేరూ తెలియని చేప జన మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. సముద్రపు బుంగ చేపల్లాంటి వాటి జన ప్రాణం తీస్తుంది, ఉప్పూ పొగా దాన్ని ఏమీ చేయలేవు.

తినడం. పలచటి బిళ్లలు జొన్న రొట్టెలోకి, నంచుకోవడానికి ఉల్లిపాయ, నిమ్మచెక్క. ఇది నా మొదటి మార్కు. రెండోది అబ్బాయి గొట్టానికి నకలు: వంద గ్రాముల జన, ఒక చిన్న ఉడికించిన బంగాళాదుంప, మూడు చెంచాల వేరుశనగ నూనె, నిమ్మరసం, మిక్సీలో ఒకే ఒక్క తిప్పు. ఎక్కువ తిప్పితే జిగురవుతుంది. అబ్బాయికి వీడియోలో చూపిస్తే "రంగు వచ్చిందమ్మా, పిల్లవాడి ముఖమే తక్కువ" అన్నాడు. మూడోది దైవికంగా జరిగింది. ఒక జంటను ఫ్రిజ్‌లో గుడ్డ కప్పి మరిచిపోయాను, నాలుగో రోజుకు గట్టిపడింది. పొద్దున ఉగ్గాని చేశాను, దాని మీద కొబ్బరి తురిమినట్టు దాన్ని తురిమాను. బొరుగుల మెత్తదనం, పచ్చిమిర్చి, మీద ఉప్పగా పొగ. పక్కన బజ్జీలు అలాగే మిగిలిపోయాయి. కర్నూలు మనిషి ప్లేటులో బజ్జీ మిగలడం అంటే చిన్న విషయం కాదు.

మరి కొనాలా? ఇంట్లో వెడల్పాటి ఇనుప మూకుడు, దానికి సరిపడే మూత, కాలుతున్న పేళ్లకు పైన నిలిచే జాలీ ఉంటే కొనకండి. డిసెంబరులో ఒకే చేప జనలో ఒక తిత్తిని డబ్బాలో, రెండో తిత్తిని మూకుడులో పెట్టి, ఏది ఎందులోదో చెప్పకుండా మా ఆయనకూ మా ఆడపడుచుకూ ఇచ్చాను. ఆయన డబ్బాది బాగుందన్నారు, ఆవిడ మూకుడుది. మూకుడు అడుగు మందం కాబట్టి వేడి నిలకడగా ఉంది, పొగ మాత్రం ఇల్లంతా తిరిగింది. పొగ బయటికి తక్కువ రావాలి, రెండు జంటలు ఒకేసారి కావాలి, నెలకు రెండుసార్లైనా చేస్తాం అనుకుంటే ఈ డబ్బా పనికొస్తుంది. రెండు వేల లోపు దొరికితే నేను అయిదుకు నాలుగిచ్చేదాన్ని. 3,450కి, ఆ పుస్తకంతో, ఆ అడుగుతో కలిపి రెండున్నర. కొంటే కాటా, సూది థర్మామీటర్ కూడా కొనండి. రెండూ కలిపి వెయ్యి లోపే, డబ్బా కన్నా వాటి అవసరమే ఎక్కువ.

మే నెలలో అబ్బాయి వస్తున్నాడు. జూన్ జన వాడికి అందదు, అందుకని ఫ్రిజ్ పై అరలో మార్చి జంట ఒకటి తేదీ రాసి పెట్టాను. వచ్చే ఆదివారం ఇంకొకటి చేయాలి. ఇప్పుడు ముందురోజే పై వాటాకు కబురు చేస్తున్నాను. తహసీల్దారు గారు డాబా మీద ఆరేసిన పంచెలు తీసుకుని గుడికి వెళ్లిపోతారు. వెళ్తూ వెళ్తూ ఆ బకెట్ మా గుమ్మం పక్కన పెట్టి వెళ్తారు, నిండా నీళ్లతోనే.